తొలిసారి జట్టును నడపబోతున్న అబ్బాయికి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ పోటీల్లో పదకొండు, పన్నెండేళ్ల పిల్లల జట్టుకు మేనేజర్‌గా ఉండటానికి ఒప్పుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. నీవు గుంటూరులో క్రికెట్ ఆడుతూ పెరిగినవాడివి, నేను ఇక్కడ పిల్లల బేస్‌బాల్ జట్లను ఏళ్ల తరబడి నడిపినవాడిని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

క్రికెట్‌లో ఔటైన బ్యాటర్‌కు ఆ ఇన్నింగ్స్ అంతటితో సరి. అందుకే మనవాళ్లకు ఔటవడమంటే కొంప మునిగినట్టే ఉంటుంది. బేస్‌బాల్‌లో అదే బ్యాటర్‌కు కాసేపట్లో మళ్లీ వంతు వస్తుంది. పెద్ద లీగుల్లో పదింట మూడుసార్లు హిట్ కొట్టగలిగితే, అంటే బంతిని కొట్టి ఔటవకుండా బేస్ చేరగలిగితే, మేటి బ్యాటర్ అంటారు, 1941లో .406 సగటు (వెయ్యింట 406 హిట్లు) సాధించిన టెడ్ విలియమ్స్ తర్వాత అమెరికన్ లీగ్‌లో ఎవరూ పదింట నాలుగు అందుకోలేకపోయారు. జట్ల సంగతీ అంతే. 2001లో సియాటిల్ మరినర్స్ 162 ఆటల్లో 116 గెలిచి కూడా ఏడాది చివరి ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌కు చేరలేదు. ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌ను యాభై ఏళ్లు నడిపిన కానీ మాక్ (Connie Mack) అనే ఆయన పేరిట, మేనేజర్లందరిలోకీ ఎక్కువ గెలుపులే కాదు, ఎక్కువ ఓటములు కూడా ఉన్నాయి. కాబట్టి బంతిని కొట్టలేక ఔటై, అంటే స్ట్రైకవుటై, వచ్చిన పిల్లవాడికి డగౌట్ మెట్ల దగ్గరే బ్యాట్ పట్టుకోవడం నేర్పడం మొదలుపెట్టకు. ఆ పాఠం ప్రాక్టీసు రోజున చెప్పుకోవచ్చు. ఆ క్షణాన వాడు హెల్మెట్ తీసి నీళ్లు తాగితే చాలు.

మేనేజర్ ఒంటరిగా తీసుకోవలసిన నిర్ణయం పిచర్‌ను, అంటే బంతి వేసేవాడిని, ఎప్పుడు మార్చాలన్నది. దీని మీద రెండు ఆటల గురించి నీవు తెలుసుకోవాలి. 2003 అమెరికన్ లీగ్ ఛాంపియన్‌షిప్ ఏడో ఆటలో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బోస్టన్ రెడ్ సాక్స్ న్యూయార్క్ యాంకీస్ మీద 5-2తో ముందుంది. బోస్టన్ పిచర్ పెడ్రో మార్టినెజ్ అప్పటికే వంద బంతులు దాటాడు, వరుసగా హిట్లు పడుతున్నాయి. మేనేజర్ గ్రేడీ లిటిల్ మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) దాకా వెళ్లి, పెడ్రో వేయగలనన్నాడని అక్కడే ఉంచి వచ్చాడు. యాంకీస్ స్కోరు సమం చేసి, పదకొండో ఇన్నింగ్స్‌లో గెలిచారు. 2020 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో సరిగ్గా తలకిందులుగా జరిగింది. టాంపా బే మేనేజర్ కెవిన్ క్యాష్, అద్భుతంగా వేస్తున్న బ్లేక్ స్నెల్‌ను ఆరో ఇన్నింగ్స్‌లో, 73 బంతులకే, 1-0తో ముందున్నప్పుడు తీసేశాడు. ప్రత్యర్థి డాడ్జర్స్ 3-1తో గెలిచి ట్రోఫీ ఎత్తుకున్నారు. ఉంచినవాడూ తిట్లు తిన్నాడు, తీసినవాడూ తిన్నాడు.

జనం ఈ రెంటినీ ఒకే గాటన కడతారు గానీ, నాకు అవి సమానమైన తప్పులుగా కనిపించవు. బ్యాటర్లకు ఒకే పిచర్ మూడోసారి ఎదురైనప్పుడు వాళ్లు మెరుగ్గా కొడతారన్న లెక్కను క్యాష్ నమ్మాడు. అప్పటిదాకా డాడ్జర్స్ మొదటి ముగ్గురు బ్యాటర్లూ స్నెల్ చేతిలో రెండేసి సార్లు స్ట్రైకవుటైన సంగతికి నేనైతే ఇంకొంచెం విలువ ఇచ్చేవాడిని, అయినా ఆయన నిర్ణయానికి ముందుగా ఆలోచించుకున్న ఆధారం ఉంది. లిటిల్ మాత్రం తాను తీసుకోవలసిన నిర్ణయాన్ని అలసిపోయిన పిచర్ చేతిలో పెట్టాడు. అలసిపోయానని తనంతట తాను చెప్పే పిచర్‌ను నేను చూడలేదు. పన్నెండేళ్లవాడైతే అసలే చెప్పడు, పైగా బౌండరీ అవతల వాళ్ల నాన్న నిలబడి ఉంటాడు. అందుకని అడగకు, చూడు. మోచేయి భుజం కన్నా కిందికి జారుతోందా, బంతులు వరుసగా మరీ ఎత్తుగా పడుతున్నాయా, బంతికీ బంతికీ నడుమ టోపీ సర్దుకుంటూ ఆలస్యం చేస్తున్నాడా, ఈ మూడింట్లో రెండు కనిపిస్తే లేచి నడువు. ఆ తర్వాత ఆట ఏమైనా, ఇంటికి వెళ్లాక నిన్ను నీవు వేసుకోవలసిన ప్రశ్న, ఆ క్షణాన నీకు తెలిసినదాన్ని బట్టి ఆ నిర్ణయం సరైనదేనా అన్నది ఒక్కటే.

పిల్లల విషయంలో బంతుల లెక్కకు మించిన నియమం లేదు. ఈ వయసువాళ్లకు రోజుకు 85 బంతులు పరిమితి. 36 నుంచి 50 దాకా వేస్తే రెండు రోజులు, 51 నుంచి 65 దాకా మూడు, 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. అంటే శనివారం నీ మంచి పిచర్‌ను 50 దగ్గర ఆపితే మంగళవారం మళ్లీ వేయగలడు. ఇంకో బ్యాటర్ చూద్దామని ఆశపడి 50 దాటించావో, బుధవారం దాకా ఆగాలి. లెక్క రాయడానికి ఒక తల్లినో తండ్రినో ప్రత్యేకంగా కూర్చోబెట్టు, నీ జ్ఞాపకాన్ని నమ్ముకోకు.

ప్రతి పిల్లవాడూ ఆటకు కనీసం ఆరు ఔట్ల పాటు ఫీల్డింగ్ చేయాలని, ఒకసారైనా బ్యాటింగ్ చేయాలని నిబంధన. చాలామంది మేనేజర్లు బలహీనమైన పిల్లలను చివరి రెండు ఇన్నింగ్స్‌లకు, బంతులు తక్కువగా వచ్చే రైట్ ఫీల్డ్‌లోకి తోస్తారు. అలా చేస్తే, స్కోరు దగ్గరగా ఉండి అందరి కళ్లూ మైదానం మీదే ఉన్నప్పుడు బంతి వాడి చేతిలోంచి జారుతుంది, ఆ మచ్చ ఏడాదంతా వాడిని వదలదు. వాళ్లను మొదట్లోనే దించు. 0-0 దగ్గర జారిన క్యాచ్‌ను మూడో ఇన్నింగ్స్‌కల్లా అందరూ మరిచిపోతారు, నీకూ చివర్లో చేతులు కట్టేసినట్టు ఉండదు.

అంపైర్‌తో వాదన పెట్టుకోకు. అట్లాంటా మేనేజర్ బాబీ కాక్స్ నూట యాభైకి పైగా సార్లు మైదానం నుంచి గెంటించుకున్నా జనం ఆయనను ప్రేమించారు, నిజమే. నీకు మాత్రం ఒక్కసారి జరిగితే తర్వాతి ఆటకు కూడా సస్పెన్షన్ పడుతుంది.

ఇక తల్లిదండ్రులు, ముఖ్యంగా మనవాళ్లు. ఎవరు పిచ్ చేస్తారో, ఎవరు మొదట బెంచి మీద ఉంటారో ముందు రాత్రే వాట్సాప్‌లో పెట్టెయ్. అప్పుడు ఫోన్లన్నీ ఆ రాత్రే వస్తాయి, పొద్దున పిల్లల ఎదుట ఎవరూ నీ మీదికి రారు.

ఇట్లు,
పెదనాన్న