తడి ఇసుక ఉండలు, చనిపోయిన తాబేళ్లు, నీలం అలలు: పాఠకుల ప్రశ్నలు, టీచర్ గారి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌ల్లో చాలావరకు చీరాల–బాపట్ల తీరం నుంచే. చలికాలం కదా, ఎండ మెత్తబడింది, జనం సముద్రం వైపు బాగా వెళ్తున్నట్టున్నారు. హైస్కూల్లో ఏళ్ల తరబడి జీవశాస్త్రం చెప్పినదాన్ని, నాకు ఇంతకంటే సంతోషం ఏముంటుంది? చిన్నవాళ్ల ప్రశ్నతోనే మొదలుపెడతాను.

ప్రశ్న: టీచర్ గారూ, నేను ఐదో తరగతి చదువుతున్నాను. వాడరేవులో సముద్రం వెనక్కి వెళ్లాక తడి ఇసుక మీద మిరియాలంత ఇసుక ఉండలు వరసలు వరసలుగా కనిపించాయి. అవి ఎవరు చేశారు? (ఒక విద్యార్థిని, చీరాల)

జవాబు: బంగారు తల్లీ, భలే చూశావు! చాలామంది పెద్దవాళ్లు వాటిని తొక్కుకుంటూ వెళ్లిపోతారు. అవి చేసేది నీ చిటికెన వేలి గోరంత ఉండే పీత. పాటు సమయంలో, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, అది బొరియలోంచి బయటికి వచ్చి ఇసుకను నోట్లో పెట్టుకుంటుంది. ఇసుక రేణువులకు అంటుకుని కంటికి కనిపించనంత చిన్న నాచు, జీవపదార్థం ఉంటాయి. వాటిని జల్లించి తిని, మిగిలిన ఇసుకను ఉండచుట్టి పక్కన పడేస్తుంది. బొరియ నుంచి బయటికి నడుస్తూ తింటుంది కాబట్టి ఉండలు వరసగా పడతాయి. ఇంకో సంగతి చెప్పనా? వరసల మధ్య ఒక సన్నని దారి ఖాళీగా ఉంటుంది చూడు. కొంగో కాకో వస్తే పరుగెత్తి బొరియలో దూరడానికి ఆ దారి.

ఈసారి వెళ్లినప్పుడు ఒకచోట కదలకుండా కూర్చో. నీ అడుగుల చప్పుడుకి అన్నీ లోపలికి పోతాయి. కాసేపు ఓపిక పడితే ఒక్కొక్కటే బయటికి వస్తాయి. పెద్ద బొరియ పక్కన ఇసుక కుప్ప కనిపిస్తే అది వేరే పీతది. దాని కళ్లు కాడల మీద నిలబడి ఉంటాయి, పక్కకి పరుగెడుతుంది. రెండూ చూసి బొమ్మలు గీసి నాకు పంపు.

ప్రశ్న: మేడమ్, పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తే ఒడ్డున పెద్ద పెద్ద తాబేళ్లు చచ్చి పడి ఉన్నాయి. మా అబ్బాయి ఏడ్చేశాడు. విషం తిన్నాయని ఒకరు, ఓడ గుద్దిందని ఒకరు అన్నారు. వాడికి ఏం చెప్పాలి? మేం చేయగలిగింది ఏమైనా ఉందా? (ఒక తల్లి, వేటపాలెం మండలం)

జవాబు: అమ్మా, బాబుకి నిజమే చెప్పండి. వాడు తట్టుకోగలడు.

అవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. డిసెంబరు, జనవరి నుంచి మార్చి దాకా జతకట్టడానికి, గుడ్లు పెట్టడానికి మన ఒడ్డు దగ్గరికి వస్తాయి. సరిగ్గా అదే కాలంలో మరబోట్లు రొయ్యల కోసం అడుగున వలలు లాగుతూ ఉంటాయి. తాబేలు చేపలా నీళ్లలో ఊపిరి తీసుకోలేదు, దానికి మనలాగే ఊపిరితిత్తులు. మధ్యమధ్య పైకి వచ్చి గాలి పీల్చాలి. వలలో ఇరుక్కుని పైకి రాలేకపోతే మునిగి చచ్చిపోతుంది. అందుకే ఒడ్డుకు కొట్టుకొచ్చిన చాలావాటి ఒంటి మీద గాయమే కనపడదు, చూసినవాళ్లు విషమనుకుంటారు. బోటు ఫ్యాను తగిలి డిప్ప పగిలినవీ కొన్ని ఉంటాయి.

దీనికి మార్గం లేకపోలేదు. వల గొంతు దగ్గర ఒక ఇనుప చట్రం, దాని పక్కన బయటికి దారి పెడితే రొయ్యలు చువ్వల మధ్య నుంచి వల చివరికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి ఆ దారిన బయటపడుతుంది. దీన్ని టెడ్ అంటారు. చేపలు కూడా పోతాయని బోటువాళ్ల భయం. డీజిల్ ఖర్చు, కూలీల ఖర్చు చూస్తే ఆ భయాన్ని కొట్టిపారేయలేం. చట్రం ఊరికే చేతికిచ్చి వెళ్లిపోతే సరిపోదు, నష్టం వస్తే ప్రభుత్వం పూడుస్తానని భరోసా ఇస్తేనే అది వలలో నిలుస్తుందని నా నమ్మకం. ఇంకో మాట. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. అది చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం పెట్టింది. అప్పటికి తాబేళ్ల గుడ్ల కాలం చాలావరకు అయిపోతుంది! ఒడిశాలో తాబేళ్లు గుంపులుగా వచ్చే తావుల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 వరకు విడిగా నిషేధం పెట్టారు. మన దగ్గర కూడా ముఖ్యమైన చోట్లయినా ఆ నెలల్లో ఒడ్డు వదిలి దూరంగా వేటాడే ఏర్పాటు కావాలి.

మత్స్యకారులందరినీ ఒకే గాటన కట్టొద్దని కూడా బాబుకి చెప్పండి. రామాపురం దగ్గర అలివి వల, అంటే ఒడ్డు మీద నిలబడి లాగే పెద్ద వల, లాగుతుంటే తాబేలు పడింది. ముందు రెక్కకి నైలాన్ దారం చుట్టుకుపోయి చర్మంలోకి దిగింది. ఒక పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని, చాకుతో ఒక్కో పోగూ కోశాడు. పాడైంది సొంత వలే. తాబేలు రెక్కలతో ఇసుక ఎగజిమ్ముతుంటే మొహం పక్కకి తిప్పుకుని, ‘ఉండవే తల్లీ, ఉండు’ అంటూ కోస్తూనే ఉన్నాడు. వదిలేశాక నీళ్లు నెత్తిన చల్లుకుని దండం పెట్టాడు. ఇది నేను దగ్గరుండి చూశాను.

మీరు చేయగలిగినవి చెబుతాను. చచ్చిన తాబేలు కనిపిస్తే ముట్టుకోకుండా ఫొటో తీసి, చోటు, తేదీ రాసి అటవీశాఖ వాళ్లకి పంపండి. లెక్క ఉంటేనే కదా ఎవరైనా కదిలేది. పొద్దున్నే ఒడ్డు నుంచి పైకి వెళ్లి, మళ్లీ నీళ్లలోకి దిగిన వెడల్పాటి జాడ కనిపిస్తే రాత్రి ఓ తల్లి గుడ్లు పెట్టి వెళ్లిందన్నమాట. వెనక రెక్కలతో మూరెడు లోతు గుంట తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, పూడ్చేసి పోతుంది. అక్కడ తవ్వొద్దు. కుక్కలు, నక్కలు తవ్వేలోపే కబురు చేయండి. అటవీశాఖ వాళ్లు స్థానిక మత్స్యకార యువకులతో ఆ గుడ్లను తీయించి, కంచె వేసిన చోట మళ్లీ పాతిపెడతారు. 1972 వన్యప్రాణి చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. గుడ్లు తీసినా నేరమే.

సుమారు యాభై రోజులకు పిల్లలు వస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి ఎక్కువగా పుడతాయి. పుట్టగానే వెలుతురుగా ఉన్న వైపు పాకుతాయి. చీకటి రాత్రి సముద్రమే వెలుగ్గా కనిపించాలి, కానీ ఇప్పుడు రిసార్టుల లైట్లు దారి తప్పిస్తున్నాయి. ఫిబ్రవరి, మార్చిలో పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజు కనుక్కుని బాబుని తీసుకెళ్లండి. చేతిలోకి తీసుకుని సెల్ఫీలు మాత్రం వద్దు. ఆ నాలుగడుగుల ఇసుక వాటిని సొంతంగా నడవనివ్వండి.

ప్రశ్న: పిల్లలతో ఆదివారం సూర్యలంక వెళ్లాం. జనం, ప్లాస్టిక్, ట్రాఫిక్ తప్ప ఏమీ లేదు. మీరేమో పక్షులంటారు. ఎక్కడున్నాయండీ? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: ఉన్నాయండీ. మీరు వెళ్లిన వేళకి లేవు, అంతే. బాపట్లలో రాత్రి ఉండి, 9 కిలోమీటర్లే కాబట్టి తెల్లవారేసరికి ఒడ్డున ఉండండి. కార్లు ఆగే చోటు వదిలేసి, సరుగుడు తోటల పక్కనే నడుస్తూ పోండి. కాలవ సముద్రంలో కలిసే చోట బురద తేలి ఉంటుంది. పాటులో పక్షులన్నీ అక్కడే మేస్తాయి. పాటు ఏ వేళకో పడవల దగ్గర అడగండి, ఠక్కున చెబుతారు. ఈరోజు వేళకి రేపు సుమారు 50 నిమిషాలు కలుపుకోవాలి. అమావాస్యకి, పున్నమికి నీళ్లు బాగా వెనక్కి పోతాయి కాబట్టి ఆ రోజులు ఇంకా మంచివి.

అల వెనక్కి పోతుంటే దాని వెంట పరుగెత్తి, అల వస్తుంటే వెనక్కి పరుగెత్తే బుల్లి బూడిదరంగు పిట్టలు కనిపిస్తాయి. వాటిలో చాలా రకాలు ఉత్తరాన మధ్య ఆసియా, సైబీరియాల నుంచి చలికాలానికి వచ్చినవే. తెల్లటి గల్ పక్షులకు ఇప్పుడు కంటి వెనక ఒక నల్లమచ్చే ఉంటుంది. మార్చిలో చూడండి, తలంతా గోధుమరంగు టోపీ తొడుక్కుని ఉంటుంది. అదీ తిరుగు ప్రయాణానికి ముందు! కాలవ మీద నలుపు తెలుపు లకుముకి పిట్ట గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, ముక్కు కిందికి పెట్టి, రాయి పడ్డట్టు నీళ్లలో పడుతుంది. పిల్లలకి అది ఒక్కటి చూపించగలిగితే చాలు, మీ పెట్రోలు ఖర్చు వసూలే.

స్నానాల గురించి గట్టిగానే చెబుతాను. అలలు విరుగుతున్న చోట్ల మధ్య ఒక పాయ ప్రశాంతంగా కనిపిస్తే అక్కడ దిగొద్దు. ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి లోపలికి లాక్కుపోయే దారి అదే కావచ్చు. లాగేసినా ఒడ్డుకి ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి తిరగండి. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటొద్దు.

ప్రశ్న: రాత్రి రామాపురంలో అలలు నీలంగా మెరిశాయి. రొయ్యల చెరువుల కెమికల్ అని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా? (ఇంజినీరింగ్ విద్యార్థి)

జవాబు: కాదు బాబూ. నీళ్లలో నాక్టిలూకా అనే ఏకకణ జీవులు లక్షలుగా పెరిగినప్పుడు ఇలా జరుగుతుంది. ఒక్కోటి ఆవగింజ కంటే చిన్నది. అల విరిగి కుదుపు తగలగానే దాని లోపల రసాయన చర్య జరిగి మిణుక్కుమంటుంది. తడి ఇసుక మీద కాలితో రాస్తే అక్కడా మెరుస్తుంది. మరీ ఎక్కువైతే పగలు నీళ్లు ఎర్రగా, చిక్కగా కనపడొచ్చు. అలాంటి నీళ్లలో స్నానం మానుకోవడం మంచిది. నదులు, కాలవలు తెచ్చే పోషకాలు పెరిగితే ఇలాంటి జీవులూ విజృంభించే వీలుంది. కాబట్టి చెరువుల మురుగు గురించి మీ అనుమానం పూర్తిగా కొట్టేయదగ్గది కాదు, కానీ ఆ వెలుగు మాత్రం ప్రాణిదే.

ప్రశ్న: మా మనవడు సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వస్తాడు. బీచ్ అంటే ప్రాణం, పుస్తకం అంటే పారిపోతాడు. ఏ పుస్తకం కొనమంటారు? (ఒక తాతయ్య, చీరాల)

జవాబు: ఇప్పుడే ఏదీ కొనకండి మాస్టారూ. పక్కనే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉండగా మీకేం తక్కువ? 1918లో పెట్టిన గ్రంథాలయం అది, 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర అక్కడ దాచిపెట్టారు. పిల్లలు ముందు దాని దగ్గరే ఆగిపోతారు, ఆగనివ్వండి. పాత తెలుగు పత్రికలు బైండు చేసి ఉంటాయి, ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వాటికోసమే వస్తారు. పండగ సెలవులుంటాయి, తెరిచే వేళ ముందే కనుక్కోండి.

కానీ గ్రంథాలయానికి వెళ్లేముందు మీరొక పని చేయాలి. 1977 నవంబరు 19 ఉప్పెన మీరు చూసే ఉంటారు. వాడరేవులో వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ రాత్రి సంగతి మొత్తం చెప్పండి. నీళ్లు ఎంతవరకు వచ్చాయి, ఎవరి ఇల్లు పోయింది, మీరు ఏం తిన్నారు, అన్నీ. వాడు తప్పకుండా అడ్డు ప్రశ్నలు వేస్తాడు. మీకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి వస్తుంది చూడండి, దాన్ని పట్టుకుని గ్రంథాలయానికి తీసుకెళ్లండి. పాఠం కోసం చదవని పిల్లలు కూడా తాతయ్యని గెలవడానికి చదువుతారు! నా క్లాసుల్లో నేను చూసింది ఇదే.

పుస్తకాలంటే మన జిల్లాలవాళ్లు ఎంత తపించారో కూడా చెప్పండి. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ ఎక్కినవాళ్లు ప్రయాణంలో చదువుకునేవాళ్లు. పడవలంటే ఇష్టపడే పిల్లాడికి ఈ కథ ఎక్కకుండా ఉంటుందా?

ఒక వంద పేజీల నోటుబుక్కు మాత్రం కొనివ్వండి. తేదీ, వేళ, పోటా పాటా, ఏం చూశాడు, ఈ నాలుగే రాయమనండి. పేరు తెలియని పిట్టకి బొమ్మ గీస్తే చాలు. తర్వాత పక్షుల బొమ్మల పుస్తకంలో దాని పేరు వెతుక్కోవడం వాడే మొదలుపెడతాడు. చదవమని మీరు ఒక్కసారి కూడా అనొద్దు.

ప్రశ్న: గవ్వలు, శంఖాలు ఏరుకోవచ్చా? (ఒక పాఠకురాలు, ఒంగోలు)

జవాబు: ఖాళీవి ఒకటో రెండో ఏరుకోండి, సంచులు నింపొద్దు. ఖాళీ గుల్లలో కాపురం పెట్టే పీతలున్నాయి, వాటికి వేరే ఇల్లు లేదు. తీసేముందు లోపల ఎవరైనా ఉన్నారేమో చూడండి. ఒక చివర మొనదేరి, మీద అందమైన చుక్కలు, గీతలు ఉండే కోను ఆకారపు గుల్ల బతికున్నది దొరికితే అస్సలు పట్టుకోవద్దు. విషపు ముల్లుతో పొడుస్తుంది, కొన్ని రకాలు ప్రాణాంతకం కూడా. షాపుల్లో అమ్మే పెద్ద పెద్ద అలంకరణ శంఖాల్లో కొన్ని రకాలు చట్టం కింద రక్షణలో ఉన్నాయి, అవి కొనకండి.