వేటగాణ్ణి ఏడిపించకు

తమ్ముడూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. కెన్యాలో తెల్లవాళ్ల కుటుంబం, తాత ఏనుగుల్ని వేటాడినవాడు, మనవరాలు ఏనుగు పిల్లల్ని సాకుతోంది. వస్తువు బాగుంది. ఐదో పేజీకి వచ్చేసరికి తాత చావబోతున్న ఏనుగు కళ్లలోకి చూసి, తుపాకీ పారేసి బావురుమన్నాడు. నీ మీద కోపం రాలేదు కానీ నాకు సిగ్గేసింది. పాతికేళ్లప్పుడు నేనూ అచ్చం ఇదే సీను రాశాను, పులితో. ఒక ఎడిటర్ తిప్పి పంపుతూ అంచున రాశాడు: "ఏడ్చింది వేటగాడు కాదండీ, మీరు."

నిజంగా అలా బతికిన మనుషుల్ని చూడు. అనాథ ఏనుగు పిల్లల్ని సాకిన డాఫ్నీ షెల్డ్రిక్ 1934లో కెన్యాలోనే పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి మాంసం కావాలని ప్రభుత్వం ఆమె తండ్రికి ఒక పని అప్పజెప్పింది: జీబ్రాల్ని, వైల్డ్‌బీస్ట్‌లనే పెద్ద జింకజాతి జంతువుల్ని వేలల్లో కాల్చడం. ఆ మాంసం కోసి వరుగులు పెట్టేవాళ్లు. ఆ ఇంట్లోనే చిన్నప్పుడు డాఫ్నీ తల్లిలేని జింకపిల్లని పెంచింది. ఆ తండ్రి కొడుకే పెద్దయ్యాక కెన్యాలోని మేరు నేషనల్ పార్క్‌కి వార్డెన్ అయ్యాడు. ఆ ఇంట్లో ఎవరూ ఓ మంచిరోజు చూసుకుని మారిపోలేదు. తుపాకీ, పాలసీసా ఒకే గడపలో ఉన్నాయి. ఆ ఇరుకుని కథగా రాయి.

ఇంకో సంగతి. డాఫ్నీ భర్త డేవిడ్ 1948లో కెన్యాలోనే ఏర్పడిన త్సావో పార్క్ తూర్పు భాగానికి మొదటి వార్డెన్. అడవిని అంతగా చదవడం ఆ తరం వాళ్లకి వేటే నేర్పింది. పేడ వేడి, విరిగిన కొమ్మ, మట్టిలో జాడ. అదే కన్నుతో తర్వాత దొంగవేటగాళ్ల జాడ పట్టారు. నీ కథలో ఆ జాడ పట్టే పనే లేదు, కన్నీళ్లున్నాయి.

దొంగవేటగాళ్లు అన్నాను కదా, వాళ్లెవరో తెలుసా? చాలామంది వాలియంగులు తెగవాళ్లు. మనిషెత్తు విల్లు, చెట్టు నుంచి కాచి తీసిన విషం పూసిన బాణం, తరతరాలుగా ఏనుగే తిండి. పార్క్ వచ్చాక అదే పని నేరమైంది. 1950ల్లో వాళ్లలో ఎంతోమంది జైలుకెళ్లారు. డబ్బు కట్టి లైసెన్స్ తీసుకున్న దొరల వేట మాత్రం 1977 దాకా నడిచింది. నల్లమల చెంచుల్ని ఎరిగినవాడివి, నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. నీ పదిహేను పేజీల్లో విల్లు పట్టినవాడు ఒక్కడూ మాట్లాడలేదు. ఇదే నా అసలు ఫిర్యాదు.

మనవరాలి భాగం ఇంకా పలచగా ఉంది. "ప్రేమతో పాలు పట్టింది" అనేశావు. ప్రేమ సరే, ఏ పాలు? ఆవుపాలలోని కొవ్వు ఏనుగు పిల్లకి అరగదు. డాఫ్నీ చేతుల్లో ఏళ్లతరబడి పిల్లలు చచ్చిపోతూనే ఉన్నాయి. చివరికి పసిపిల్లల పాలపొడిలో కొబ్బరి నూనె కలిపితే ఐషా అనే ఏనుగు పిల్ల బతికింది. కూతురి పెళ్లికని డాఫ్నీ రెండు వారాలు ఊరెళితే, ఐషా బెంగతో చచ్చిపోయింది. ఇప్పుడు నైరోబీలో వాళ్ల అనాథ ఏనుగుల కేంద్రంలో ఒక పిల్ల దగ్గర రోజూ ఒకే మనిషి పడుకోడు. రాత్రికొకరు మారతారు. ఒకరికే అలవాటు పడకూడదని.

పాలు పట్టేటప్పుడు కంబళి వేలాడదీస్తారు. పిల్ల తొండాన్ని దానికి ఆనించి, అమ్మ పొట్ట అనుకుని తాగుతుంది. కంబళి వెనక నుంచి మనిషి సీసా పట్టుకుంటాడు. నీ మనవరాల్ని ఆ కంబళి వెనక నిలబెట్టు. చెయ్యి లాగుతుంది, పాలు మోచేతి దాకా కారతాయి, పిల్ల ఇంకా వదలదు.

ఐదో పేజీ తీసేసి మళ్లీ పంపు. తొందరేం లేదు, సంక్రాంతి దాకా ఊళ్లోనే ఉంటాను.

మీ అన్న