అక్కా, ఈ పౌండ్లూ ఔన్సులూ ఎప్పటికి అలవాటవుతాయి?

మా పక్క అపార్ట్‌మెంట్లోకి ఈమధ్యే దిగిన నెల్లూరు అమ్మాయి మొన్న ఫోన్‌లో కాల్క్యులేటర్ తెరుచుకునే మా ఇంటికొచ్చింది. "అక్కా, పెరుగు డబ్బా కొందామన్నా ఔన్సుల్ని గ్రాముల్లోకి, డాలర్లని రూపాయల్లోకి మార్చేసరికి తల తిరుగుతోంది. డబ్బా అక్కడే పెట్టేసి వచ్చేస్తున్నాను" అంది. డాలస్‌లో నాకు పద్దెనిమిదేళ్ళయింది. ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

రూపాయల గొడవ నాలుగు జీతాలు పడ్డాక దానంతటదే పోతుంది. కొలతలు మాత్రం మారుస్తూ కూర్చుంటే ఎన్నేళ్ళయినా పోవు. అందుకే మార్చడం మానెయ్. రేడియోలో 86 డిగ్రీలు (ఇక్కడ ఫారెన్‌హీట్‌లో చెప్తారు) అని వినగానే సెల్సియస్‌లోకి మార్చాలని 32 తీసి, అయిదుతో హెచ్చవేసి, తొమ్మిదితో భాగిస్తూ కూర్చోకు. నాలుగు గుర్తులు పెట్టుకో: 32కి నీళ్ళు గడ్డకడతాయి, 50కి స్వెటర్ కావాలి, మన ఇంట్లో 24 మీద పెట్టుకునే ఏసీ ఇక్కడ 75, వంద దాటితే మే నెల బెజవాడ. అంతకంటే మనకి అక్కర్లేదు. మరీ లెక్క కావాలంటే 32 తీసేసి, సగం చేసి, ఆ సగంలో పదోవంతు కలుపుకో. 68 అయితే 36, దాంట్లో సగం 18, పదోవంతు కలిపితే ఇంచుమించు 20.

అసలు ఇందులో సగం నీకు వచ్చిందే. పిల్లాడికి జ్వరమెంత అంటే మన ఊళ్ళో నూట రెండు అంటాం. 38.9 అని ఎవరైనా అనగా విన్నావా? పెళ్ళిచూపుల్లో అబ్బాయి ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు, ఫ్లాటు పద్నాలుగు వందల చదరపుటడుగులు, టీవీ నలభై మూడంగుళాలు. కారు టైర్లో గాలి కూడా అక్కడా ఇక్కడా ఒకటే లెక్క. ఎండకీ దూరానికీ బియ్యానికీ మాత్రమే మనం మెట్రిక్ మనుషులం.

మన దగ్గర కిలోలూ లీటర్లూ రావడానికి చట్టం చేసింది 1956లో. అంతకుముందు మా తాతయ్య వాళ్ళు మైళ్ళలో నడిచి, ఫర్లాంగుల్లో దారి చెప్పి, మందు ఔన్సుల్లో తాగినవాళ్ళే. హైవే మీద ఎగ్జిట్ పావు మైలు అని బోర్డు కనిపిస్తే రెండు ఫర్లాంగులన్నమాట, అంటే నాలుగు వందల మీటర్లు, కాబట్టి అప్పటికే కుడి లేన్లో ఉండాలి. అమెరికా కూడా 1975లో మెట్రిక్‌కి మారదామని చట్టం చేసింది గానీ ఎవరినీ బలవంతపెట్టలేదు, ఎవరూ మారలేదు. ఆ ముచ్చటకి గుర్తుగా అరిజోనాలో టూసాన్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా పోయే ఐ-19 రోడ్డు మీద దూరాలు ఇప్పటికీ కిలోమీటర్లలోనే ఉంటాయి.

ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు ఎందుకు తడబడతారో నాకర్థం కాదు. స్థలం 0.2 ఎకరం అని రాసుంటే ఏంటక్కా అని అడుగుతారు. ఎకరం ఎక్కడైనా ఎకరమే, 4,840 గజాలు. నువ్వు నెల్లూరు పిల్లవి కాబట్టి నీకు అది ఇరవై సెంట్లు. మీ ఆయనది కరీంనగర్ అన్నావు, ఆయనకి ఎనిమిది గుంటలు. హైదరాబాద్‌లో ఇళ్ళస్థలాలు చూసినవాళ్ళకి 968 గజాలు. ఈ ఒక్క విషయంలో అమెరికా వాడికంటే మనకే లెక్క బాగా వచ్చు.

వంటింట్లోనే అసలు తిప్పలు. నేను వచ్చిన కొత్తలో రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పు పగిలిపోయింది. కప్పంటే కప్పే కదా అని బజార్లో దొరికే కొలత కప్పు తెచ్చి మూడు కప్పుల సోనా మసూరి పోసి, గిన్నెలో 3 అని ఉన్న గీత దాకా నీళ్ళు పోశాను. పలుకులు పలుకులుగా దిగింది. బియ్యం పాతవేమోనని కొట్టువాణ్ణి తిట్టుకున్నాను కూడా. తర్వాత తెలిసింది, కుక్కర్ కప్పు 180 మిల్లీలీటర్లు, ఇక్కడి కొలత కప్పు ఇంచుమించు 240. మూడు కప్పులనుకుని నాలుగు పోశానన్నమాట. ఏ కప్పైనా సరే, బియ్యం దేంతో కొలిచావో నీళ్ళూ దాంతోనే కొలువు, గీతల జోలికి పోకు.

ఔన్సు ఇంకో మాయ. తూకానికో ఔన్సు ఉంది, దాదాపు 28 గ్రాములు. ద్రవాలకి వేరే ఔన్సు ఉంది, దాదాపు 30 మిల్లీలీటర్లు. సీసా మీద ఏదుందో చూడాలి. ఇక అమ్మ ఫోన్లో పావుకిలో అంటే ఎన్ని కప్పులని నన్నడక్కు. మైదా అయితే రెండు కప్పులు, పంచదార అయితే కప్పుంపావు. ఒక డిజిటల్ కాటా కొనుక్కో, గ్రాములకీ ఔన్సులకీ ఒకటే బటన్. ఆవకాయకి మాత్రం అదీ అక్కర్లేదు. అమ్మ ఏ గిన్నెతో చెప్పినా నీ గిన్నెతో అదే పాళ్ళు.

ఇప్పటిదాకా చెప్పిన వాటిలో తప్పుపోతే అన్నం పాడవుతుంది, అంతే. పిల్లల మందు దగ్గర మాత్రం కళ్ళు తెరుచుకుని మార్చాల్సిందే. మా పెద్దాడికి పది నెలలప్పుడు ఒక రాత్రి జ్వరమొస్తే డాక్టర్ ఆఫీసు నర్సుకి ఫోన్ చేశాను. బరువెంత అంటే తొమ్మిది అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "పిల్లాడు పాలు తాగుతున్నాడా?" అని అడిగింది. పది నెలల పిల్లాడు తొమ్మిది పౌండ్లంటే ఆవిడ హడలిపోదూ? నేను చెప్పింది కిలోలు, పౌండ్లలో అయితే దాదాపు ఇరవై. అదే తిరగబడి, ఇరవై పౌండ్లని ఎవరైనా ఇరవై కిలోలుగా రాసుకుంటే మందు రెట్టింపు పడుతుంది. అందుకే అంకె ఒక్కటే చెప్పకు, పక్కన కిలోలో పౌండ్లో కూడా చెప్పు. పౌండ్లని సగం చేసి, అందులో పదోవంతు తీసేస్తే కిలోలు.

ఇంకోటి. మన పారాసెటమాల్‌నే ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. ఇక్కడి పిల్లల సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 160 మిల్లీగ్రాములు ఉంటుంది. ఊరినుంచి తెచ్చుకున్న సీసాలో 125 ఉండొచ్చు, 250 ఉండొచ్చు. ఆ సీసాకి ఇక్కడి చార్టు చూసి పొయ్యకు. ఇంట్లో చెంచాతో అసలే వద్దు, సిరంజి వాడు. మూడు నెలల్లోపు పసిబిడ్డకి 100.4 వస్తే, అంటే 38 సెల్సియస్, తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చెయ్యి.

బంగారం ఔన్సు మళ్ళీ వేరు, 31.1 గ్రాములు. తులం అంటే ఒకరు పది గ్రాములంటారు, ఇంకొకరు 11.66 అంటారు. ముందు అది అడిగి తర్వాత బేరమాడు.

ఇండియా వెళ్ళేటప్పుడు సంగతి కూడా చెప్పేస్తా. పెట్టెకి 50 పౌండ్లు అంటే 23 కిలోలు, అందరికీ తెలుసు. మేమూ రెండు పెట్టెలు సరిగ్గా సర్ది హైదరాబాద్ దాకా హాయిగా వెళ్ళాం. అక్కణ్ణుంచి విశాఖకి వేరే టికెట్ తీసుకున్నాం. దేశంలో తిరిగే విమానాల్లో చాలావాటికి 15 కిలోలే, అంటే 33 పౌండ్లు. కౌంటర్ దగ్గర పెట్టె విప్పి, మావారు నాలుగు చాక్లెట్ ప్యాకెట్లు జాకెట్ జేబుల్లో కుక్కుకున్నా లాభం లేకపోయింది, అదనపు బరువుకి డబ్బు కట్టే ఎక్కాం.