కొలిమి కుర్రవాడి పుట్టుక గురించి ఒక యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల మొదటి పదకొండు అధ్యాయాలూ, వాటితో పాటు నువ్వు రాసిన ఉత్తరమూ అందాయి. కమ్మరి ఇంట పెరిగిన కుర్రవాడు నిజానికి గద్దె పోగొట్టుకున్న రాజుగారి మనవడని, చదివిన నలుగురు స్నేహితుల్లో ముగ్గురు నాలుగో అధ్యాయంలోనే పసిగట్టేశారని రాశావు. అందుకని ఆ వారసత్వాన్ని అతని దగ్గరి నుంచి తీసి పక్కింటి పిల్లకు అంటగడదామనుకుంటున్నావట. ఆ పని చేయవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' నవలల్లోని జాన్ స్నో కథ నీకు తెలుసు. నువ్వు వాటి మీద తీసిన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' టీవీ సీరియల్ చూశావు గానీ పుస్తకాలు చదవలేదన్నావు కనుక, పుస్తకాల్లో ఆ సంగతి ఎలా నడిచిందో కొంచెం వివరంగా చెబుతాను. ఉత్తరాది ప్రభువు నెడ్ స్టార్క్ యుద్ధం ముగించుకుని ఇంటికి వస్తూ జాన్ అనే పసివాణ్ణి వెంట తెచ్చి, తనకు పెళ్లి వెలుపల పుట్టినవాడని చెప్పి సొంత పిల్లలతో కలిపి పెంచుతాడు. తల్లి ఎవరో కట్టుకున్న భార్యకు కూడా చెప్పడు. మొదటి సంపుటి 1996లో వెలువడింది. ఆ ఒక్క సంపుటి మాత్రమే చేతిలో ఉన్న రోజుల్లోనే కొందరు పాఠకులు, జాన్ నెడ్ కొడుకు కాడనీ, నెడ్ చెల్లెలు లియానాకూ యువరాజు రేగార్‌కూ పుట్టినవాడనీ తేల్చేశారు. దానికి ముగ్గురి పేర్ల ఇంగ్లీషు మొదటి అక్షరాలతో 'ఆర్ ప్లస్ ఎల్ ఈజ్ ఈక్వల్ టు జె' అని లెక్కల మాస్టారు బోర్డు మీద రాసినట్లు ఒక సూత్రం కూడా కట్టారు.

వాళ్లకు దొరికిన ఆధారాలు ఎలాంటివో చూడు. భుజం మీద పుట్టుమచ్చ లేదు, మెడలో తాయెత్తు లేదు. కాలు విరిగి, నల్లమందు మత్తులో పడి ఉన్న నెడ్‌కు పాత కల ఒకటి మళ్లీ వస్తుంది. ఆ కలలో ఎడారి సీమ అంచున ఒంటరి బురుజు ఒకటి, దాని ముందు తెల్ల అంగీలు తొడుక్కున్న ముగ్గురు రాజరక్షకులు. యుద్ధంలో ఓడిన రాజు చనిపోయాడు, అతని కొడుకు యువరాజు రేగార్ చనిపోయాడు, రాణి ద్వీపానికి పారిపోయింది. ఆ యుద్ధం జరిగినప్పుడు మీరు అక్కడ ఎందుకు లేరు, ఈ కోటను ముట్టడించినప్పుడు ఎందుకు లేరు అని నెడ్ వాళ్లను ఒక్కొక్కటిగా అడుగుతాడు. రాజకుటుంబాన్ని కాపాడతామని ప్రమాణం చేసిన వాళ్లు ఈ పాడుబడ్డ బురుజు దగ్గర ఎవరిని కాపాడుతున్నారన్న ప్రశ్న మాత్రం అతడు అడగడు. దాన్ని పాఠకుడు తనను తానే అడగాలి. అటు ముగ్గురు, ఇటు ఏడుగురు. పోరు ముగిసేసరికి మిగిలింది ఇద్దరే. లోపల నెత్తుటి పక్క మీద చెల్లెలు, గదినిండా గులాబీల వాసన, ఆమె పట్టుబట్టి పుచ్చుకున్న మాట. ఆ మాట ఏమిటో రచయిత చెప్పడు.

ఆ గులాబీలకు ముందు కథ ఉంది. ఒక పోటీలో గెలిచిన రేగార్, పక్కనే కూర్చున్న సొంత భార్యను దాటుకుని గుర్రం మీద వెళ్లి, నీలి గులాబీల కిరీటాన్ని లియానా ఒడిలో పెడతాడు. రెండో సంపుటిలో ఎక్కడో దూరదేశంలో ఉన్న రేగార్ చెల్లెలు డెనేరిస్‌కు ఒక దర్శనంలో మంచుగోడ పగులులో పూసిన నీలిపువ్వు కనిపిస్తుంది. అప్పటికి జాన్ ఉన్నది మంచుగోడను కాసే దళంలోనే. అంతకు మించి ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు నీ నవల. నాలుగో అధ్యాయంలో కుర్రవాడి మొలతాడుకు కట్టిన ముద్రటుంగరాన్ని చూపించావు. ఆ ఉంగరానికి కథలో ఒక్కటే పని: ఇతడు రాజుగారి మనవడు అని చెప్పడం. ఒక్క పనే ఉన్న వస్తువు కాగితం మీద కనపడగానే మన పాఠకుడు ఊరుకోడు. జానపద సినిమాలు చూసిన కళ్లు అవి. నెడ్ కలలోని వస్తువుల సంగతి వేరు. రహస్యం ఊహ కూడా రాని పాఠకుడికి ఆ గులాబీలు, ఆ పక్క, ఆ మాట కేవలం చెల్లెల్ని పోగొట్టుకున్న అన్న దుఃఖంగానే తోస్తాయి. అతడికి ఆ పుటలో ఏ లోటూ కనిపించదు. ఆధారం ముందు ఒక మనిషి బాధగా ఉండి, ఆ తర్వాతే ఆధారం కావాలి.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ఎక్కువ నచ్చినది. ఆ అధ్యాయాలు నెడ్ మనసులోంచే నడుస్తాయి. రచయిత మనల్ని ఒక మనిషి తలలో కూర్చోబెట్టి, ఆ తలలో ఉన్న అతి పెద్ద సంగతిని దాచడమంటే మామూలుగా మోసమే. చాలామంది చేతుల్లో మోసంగానే తేలుతుంది. ఇక్కడ అలా అనిపించకపోవడానికి కారణం రాబర్ట్. అతడు నెడ్‌కు ప్రాణస్నేహితుడు, ఇప్పుడు రాజు, రేగార్ వంశమంటే పళ్లు నూరేవాడు. రేగార్ పసిబిడ్డల శవాలను తెచ్చి పడేసినప్పుడు కూడా అతడి గుండె కరగలేదని నెడ్ కళ్లారా చూశాడు, ఆ మీదట పోట్లాడి వెళ్లిపోయాడు. అటువంటి రాజు ఏలుబడిలో ఆ పసివాడి నిజం బయటికి అనడం అటుంచి, లోలోపల తలుచుకోవడానికి కూడా భయపడే మనిషి నెడ్. కాబట్టి దాచినది రచయిత కాదు, పాత్ర. తల్లి ఎవరన్న దానికి పుస్తకాల్లో మూడు పుకార్లున్నాయి: విల్లా అనే దాది, అషారా డేన్ అనే దొరసాని, ఎవరో జాలరి కూతురు. ఎవరి పుకారును వాళ్లు నమ్మే చెబుతారు గనుక అక్కడ కూడా రచయిత నోట అబద్ధం రాలేదు.

నీ కమ్మరికి అలాంటి భయం ఒకటి ఇవ్వు. ఊళ్లో నాగటికర్రులన్నీ సరిచేసే ఆ మనిషి, కోట నుంచి పగిలిన కత్తి ఒకటి బాగుకోసం వచ్చిన రోజున, దాగలి మీద పెట్టి దాని పిడి చూసి, సమ్మెట ఎత్తకుండా ఉండిపోయాడనుకో. తిత్తి ఊదుతున్న కుర్రవాడు ఏమైందని అడిగితే, కాలని ఇనుమును కాలిందని చెప్పి, వాణ్ణి నీళ్లకు పంపించాడనుకో. ఊహించని పాఠకుడికి అది ఒక ముసలివాడి చికాకు. ఊహించినవాడికి ఒళ్లు జలదరిస్తుంది. ఉంగరం ఆ పుటలో అక్కర్లేదు.

ఇక స్నేహితులు కనిపెట్టేశారన్న దిగులు. ముప్ఫై ఏళ్ల కిందట ఒక వారపత్రికలో నా సీరియల్ నడుస్తున్నప్పుడు, పాఠకుడొకాయన పోస్టుకార్డు మీద నాలుగు పంక్తుల్లో నా ముగింపు మొత్తం రాసి పంపాడు. రోషం వచ్చి ముగింపు మార్చేశాను. అప్పటికి అచ్చయిన పధ్నాలుగు వారాల్లో పాత ముగింపు కోసం నాటిన విత్తనాలన్నీ అలాగే ఉండిపోయాయి. కొత్త ముగింపుకు ఒక్క వేరూ లేదు. అదే పాఠకుడు ఇంకో కార్డు రాశాడు. అందులో ఏముందో నీకు చెప్పను. మార్టిన్ కూడా ఈ మాటే అన్నారు: హంతకుడు బట్లరని ముందే అనుకుని ఆధారాలు పరిచాక, ఎవరో కనుక్కున్నారని పనిమనిషి మీదికి నెడితే కథంతా చెడుతుందని. ఆ నవలల్ని టీవీ సీరియల్‌గా తీస్తామని ఇద్దరు వచ్చినప్పుడు ఆయన వాళ్లను పరీక్షించిన ప్రశ్న, జాన్ తల్లి ఎవరు అన్నదే. వాళ్లు సరిగ్గా చెప్పారు. అంటే ఆయన కోరుకున్నది ఆనవాళ్లు పట్టగల పాఠకుణ్ణే. 2016లో ఆ బురుజు గదిని తెర మీద చూపించినప్పుడు, ఇరవై ఏళ్లుగా తెలిసినవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. 2011లో వచ్చిన అయిదో సంపుటిలో కూడా పుస్తకం ఆ సంగతిని తేల్చలేదు.

మన కర్ణుడి కథలో అయితే దాపరికమే లేదు. కవచకుండలాలతో పుట్టాడని వినేవాడికి ఆదిపర్వంలోనే తెలుసు, తెలియనిది కర్ణుడికి. ఉద్యోగపర్వంలో కృష్ణుడు చెప్పినప్పుడు అతడు ఏమంటాడన్నదే అక్కడ ఉత్కంఠ. రాజ్యం వద్దంటాడు, పైగా ఈ సంగతి ధర్మరాజుకు తెలియనివ్వవద్దంటాడు. తిక్కన ఆ ఘట్టాన్ని నడిపిన తీరు ఒకసారి తీరిగ్గా చదువు. నీ ముగ్గురు స్నేహితులకు తెలిసిపోయిందంటే నువ్వు ఓడిపోయినట్లు కాదు. కుర్రవాడికి ఇంకా తెలియదు కదా.

నాలుగో అధ్యాయం తిరగరాసి పంపు. ఒక్క సందేహం మిగిలింది. కమ్మరి భార్యకు ఈ సంగతి తెలుసో తెలియదో పదకొండు అధ్యాయాల్లో నాకు అంతుపట్టలేదు. జవాబు నాకు రాయనవసరం లేదు గానీ, ఆమె ఆ పిల్లవాడికి అన్నం వడ్డించే తీరు రాసేటప్పుడు నీకు మాత్రం తెలిసి ఉండాలి.

ఆశీస్సులతో.