కండెన్సర్ మైక్ ఇప్పుడే కొనకండి, ముందు గది సంగతి చూడండి

మీ అమ్మాయి పాడే కీర్తనలు ఇంట్లోనే బాగా రికార్డు చేసుకోవాలని, 25 వేలలో కండెన్సర్ మైక్, రెండు స్పీకర్లు, గోడలకు ఫోమ్ తీసుకుందామనుకుంటున్నామని రాశారు. ఎంవీపీ కాలనీలో ఫ్లాట్ అన్నారు. ఆ మూడూ ఇప్పుడు వద్దండి. ఆరేళ్ల కిందట నేను సరిగ్గా ఆ మూడే కొన్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

మాది కంచరపాలెం, రైల్వే లైన్‌కి దగ్గర. మొదటిరోజు మా ఆవిడ పాడింది విని చూసుకుంటే రైలు కూత, పక్కింటి కుక్కర్ విజిల్, మా ఫ్రిజ్ మోత, అన్నీ పాటతో పాటే వచ్చేశాయి. అవి సరే, పై షడ్జం అందుకునేసరికి ఎక్కడో ఇనుము మోగినట్టు సన్నటి జీర. కేబుల్ పాడైందనుకుని కొత్తది తెచ్చాను, అయినా అదే జీర. చివరికి ఆవిడ పాడుతుంటే గదంతా తిరుగుతూ చెవి ఆనించి వింటే, అది బీరువా! హ్యాండిల్‌కి వేలాడుతున్న తాళాలగుత్తి పాటతో పాటు వణుకుతోంది. గుత్తి తీసేసి, తలుపు సందులో పాత చీరముక్క మడిచి దూర్చితే జీర మాయమైంది. మీరూ ముందు ఫోన్లోనే ఒక నిమిషం ఖాళీ గదిని, ఒక నిమిషం పాటని రికార్డు చేసి హెడ్‌ఫోన్స్‌లో వినండి, మీ గదిలో ఏమేం మోగుతాయో తెలిసిపోతుంది.

ఇక తేమ. సముద్రపు గాలి మన విశాఖలో ఇనుప గ్రిల్స్‌నే తినేస్తుంది కదా. కండెన్సర్ మైక్‌లో పల్చటి పొరకీ దాని వెనక పలకకీ మధ్య చాలా సన్నని సందు ఉంటుంది, అక్కడ విద్యుత్ ఆవేశం నిలబడితేనే అది పనిచేస్తుంది. తేమ చేరితే ఆవేశం కారిపోయి చిటపటలు మొదలవుతాయి. వానాకాలంలో నాది స్టాండ్ మీదే వదిలేస్తే అదే అయింది. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత డబ్బాలో నాలుగు రోజులు పెడితే కోలుకుంది కానీ, ఆ టెన్షన్ మీకెందుకు?

డైనమిక్ మైక్ తీసుకోండి. అయస్కాంతం, తీగచుట్ట, అంతే, తేమకి అంత తొందరగా లొంగదు. ష్యూర్ ఎస్ఎమ్58 1966 నుంచి వస్తోంది, కచేరీల్లో మీరు చూసే ఉంటారు. అంత పెట్టలేకపోతే బెరింజర్ ఎక్స్ఎమ్8500 కూడా ఇంటికి చాలు. గెయిన్ (మైక్ నుంచి వచ్చే శబ్దాన్ని పెంచే మీట) కాస్త ఎక్కువ పెంచాలి, నోటికి జానెడు లోపల ఉంచాలి. దూరం సగానికి తగ్గిస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది ప్రతిధ్వని మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది, కాబట్టి పాట శుభ్రంగా వస్తుంది. మరీ బెత్తెడు దూరానికి వస్తే మాత్రం మంద్రస్థాయి బరువెక్కుతుంది, ఒకటి రెండుసార్లు పాడించి ఎక్కడ బాగుందో మీరే చూసుకోండి.

ఫోమ్ గురించి ఒక్క మాట. పల్చటి ఫోమ్ బయటి చప్పుడు ఆపదు, గదిలోని పైస్థాయి ప్రతిధ్వనిని కొంచెం పీల్చుకుంటుంది, అంతే. బయటి చప్పుడు ఆగాలంటే బరువున్న తలుపు, సందులేని కిటికీ కావాలి. అది ఖరీదైన పని, దానికంటే రాత్రి పదిన్నర తర్వాత ఫ్యాన్ ఆపి రికార్డు చేసుకోవడం సులువు. ప్రతిధ్వనికి మా ఇంట్లో మందు రెండు బొంతలు. చాలామంది మైక్ వెనక కడతారు, కానీ ఈ మైక్‌లు వెనకవైపు నుంచి తక్కువే వింటాయి, ఎదురుగా ఉన్నదే ఎక్కువ వింటాయి. అంటే అమ్మాయి వీపు వెనకున్న గోడ! బొంతలు అక్కడ తాడుకి వేలాడదీయండి, గోడకి ఆనకుండా జానెడు ఖాళీ వదిలితే ఇంకా బాగా పీలుస్తాయి.

మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె, అంటే ఇంటర్‌ఫేస్, ఒక్క మైక్ ఇన్‌పుట్ ఉన్నది చాలు, గొంతుని కంప్యూటర్ దాకా తిప్పకుండా నేరుగా హెడ్‌ఫోన్స్‌కి పంపే డైరెక్ట్ మానిటర్ స్విచ్ ఉందో లేదో తప్పకుండా చూడండి, లేకపోతే అమ్మాయికి తన గొంతే ఆలస్యంగా వినబడి తాళం తప్పుతుంది. నాది సెకండ్ హ్యాండ్, ఇప్పటికీ నడుస్తోంది. స్పీకర్ల డబ్బులతో చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ కొనండి, శ్రుతి అందులోనే వినిపించాలి, బయట పెడితే మైక్‌లోకి వచ్చేస్తుంది. సాఫ్ట్‌వేర్‌కి ఆడాసిటీ ఉచితం. అందులో రికార్డింగ్ నాణ్యత 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టి, గట్టిగా పాడేచోట కూడా మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూసుకోండి.

మిగిలిన డబ్బు మంచి స్టాండ్‌కీ, ప, బ లాంటి అక్షరాల గాలిదెబ్బని ఆపే పాప్ ఫిల్టర్‌కీ పెట్టండి. మీ గది కిటికీ ఏ వైపు తెరుచుకుంటుందో, బీరువా ఆ గదిలోనే ఉందో రాయండి, బొంతలు ఎక్కడ కట్టాలో చెబుతాను.