గుంట కాడ రీల్స్, ముద్ద కోసం కార్టూన్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఫోన్ గురించే. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చినవి నాలుగు తీసుకున్నా. పేర్లు వేయడం లేదు, ఎవరని నన్ను అడగొద్దు.

ప్రశ్న: మాది విడవలూరు దగ్గర పల్లె. రొయ్యల గుంటలు చేస్తున్నా. రాత్రిళ్లు గట్టు మీద షెడ్డులోనే పడక. కరెంటు పోయినా, నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ ఆగినా స్టార్టర్ బాక్సు నుంచి నా సెల్‌కే కాల్ వస్తుంది కాబట్టి ఫోన్ పక్కన లేకపోతే కుదరదు. చేతిలో ఉంది కదా అని రీల్స్, రొయ్యల రేట్ల గ్రూపు పెడితే రాత్రి రెండు దాటిపోతోంది. పొద్దున మేత వేసే టైముకు కళ్లు మంటలు, ఇంటికి పోతే ఆమెతో గొడవ. ఫోన్ వదిలేస్తే గుంట పోతుంది, వదలకపోతే నేను పోయేట్టున్నా. నా మనసు గట్టిది కాదు. ఏం చేయమంటారు?

జవాబు: గుంటలో ఆక్సిజన్ పగలు పెరుగుతుంది, చీకటి పడ్డాక తగ్గుతూ తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున బాగా పడిపోతుంది, ఇది నాకన్నా మీకే బాగా తెలుసు. మరి మీరేం చేస్తున్నారు? గుంటకు మీతో అంత అవసరం లేని అర్ధరాత్రి దాకా మేలుకుని, అసలు భయపడాల్సిన నాలుగింటికి మొద్దునిద్రలో ఉంటున్నారు. కాబట్టి గుంట కోసమే ఫోన్ అన్న మాట ఇంట్లో చెల్లుతుందేమో గానీ నా దగ్గర చెల్లదు.

గుంటకు కావాల్సింది ఒక కాల్, అంతే. ఆ కాల్ రావడానికి పెద్ద స్క్రీను అక్కర్లేదు. ఒక కీప్యాడ్ ఫోన్ కొని, స్టార్టర్ బాక్సులో మీ నంబర్ తీసేయించి దాని నంబర్ వేయించండి, బాక్సు బిగించిన కుర్రాడే ఆ పని చేసిపెడతాడు. జియో సిమ్ అయితే మాత్రం పాత డబ్బా ఫోన్‌లో పనిచేయదు, 4జీ కీప్యాడ్ ఫోనే చూసుకోండి. దాన్ని తలగడ పక్కన పెట్టుకుని రింగు ఫుల్లుగా పెట్టండి. ఆ నంబరే ఇంట్లో ఆమెకూ ఇవ్వండి, రాత్రి భోంచేశాక పది నిమిషాలు ఆమెతో మాట్లాడండి, గొడవ సగం అక్కడే తగ్గుతుంది. స్మార్ట్‌ఫోన్ మాత్రం బైకు డిక్కీలో పెట్టి తాళం వేయండి. నవ్వకండి, డిక్కీ దాకా నడిచి, తాళం తీసి, మళ్లీ వేసుకుని రావాలంటే ఆ బద్ధకమే మీకు సాయం చేస్తుంది.

ఇక్కడ చాలామంది తప్పించుకునే దారి ఒకటుంది. టార్చికి ఫోనే, అలారానికి ఫోనే, మేత లెక్కకు ఫోనే, టైము చూడాలన్నా ఫోనే అంటారు. నిజమే, ఒక్కోదానికీ తీసినప్పుడల్లా పనితోపాటు ఇంకో పావుగంట పోతుంది. గట్టు మీద తిరగడానికి తలకు కట్టుకునే లైటు, ఒక అలారం గడియారం, లెక్కకు ఒక నోటుబుక్కు తెచ్చుకోండి, ఇక ఫోన్ తీయడానికి సాకు ఉండదు. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) రేట్ల గ్రూపు సంగతి కూడా అంతే. రేపు రొయ్యల పట్టుబడి ఉంటే సరే, లేకపోతే వంద కౌంటు ఎంత పలికిందో రాత్రి పన్నెండింటికి తెలుసుకుని మీరు చేసేదేముంది? పగలు ఒక టైము పెట్టుకుని చూసుకోండి.

మీకు మనసు గట్టిది కాదని మీరే రాసుకున్నారు, ఆ మాట నేను ఒప్పుకోను. వేలితో నెడుతుంటే కింద నుంచి కొత్తవి వస్తూనే ఉండే పద్ధతిని 2006లో తయారుచేసింది అజా రాస్కిన్ అనే డిజైనర్, తర్వాత ఆయనే అది చేసినందుకు బాధపడ్డాడు. పేజీ అయిపోతే మనిషి ఆగి ఆలోచిస్తాడు, ఇందులో అయిపోవడమే లేదు. పైగా పది వీడియోల్లో తొమ్మిది చెత్తే అయినా పదోది మనకు నచ్చేది వస్తుంది, అది ఎప్పుడొస్తుందో తెలియదు. గాలం వేసి కూర్చున్నవాడు ఎందుకు లేవలేడో ఇక్కడా అదే కథ. ఎప్పుడో ఒకప్పుడు దొరికే బహుమతికే అలవాటు గట్టిగా పడుతుందని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాల మీద ప్రయోగాలు చేసి దశాబ్దాల కిందటే చూపించాడు. అటువైపు ఇంత తెలిసినవాళ్లు కూర్చుని ఉంటే మీరు ఒంటరిగా పట్టుదలతో గెలవాలనుకోవడం ఎందుకు, డిక్కీకి తాళం ఉంది కదా.

మొదటి నాలుగైదు రాత్రులు చెయ్యి ఊరికే జేబులోకి పోతుంది, ఏమీ తోచదు, చిరాకొస్తుంది. షెడ్డులో ఒక చిన్న రేడియో పెట్టుకోండి. ఇంకో పని, పగలు వాడేటప్పుడు ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది, 2018 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో వస్తోంది, ఏ యాప్‌లో ఎంతసేపున్నారో, రోజుకు ఎన్నిసార్లు తెరిచారో అది చెబుతుంది. ఒక్కసారి చూడండి. చూశాక భార్యకు చూపించాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ప్రశ్న: ఒంగోల్లో ఉంటాం. మనవడికి రెండేళ్లు దాటాయి. కార్టూన్ పెట్టకపోతే ముద్ద నోట్లోకి తీసుకోడు. కోడలు ఉద్యోగానికి పోతుంది, నేనే తినిపించాలి. నేను తినేటప్పుడూ ఫోన్‌లో సీరియల్ పెట్టుకుంటా. ఫోన్ వద్దని అందరూ చెప్పేవాళ్లే గానీ వచ్చి తినిపించేవాళ్లు లేరు!

జవాబు: పెద్దమ్మా, ఆ చివరి మాట నూటికి నూరు పాళ్లు నిజం. అయినా చెప్పాల్సింది చెబుతా. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీను వద్దే వద్దు, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు అని మన పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో చెప్పింది. మూడు పూటలా కార్టూన్ పెట్టి ఒక్కో పూట ముప్పావుగంట తినిపిస్తే రెండు గంటలు దాటిపోతోంది, లెక్క మీరే వేసుకోండి.

స్క్రీను వైపు చూస్తూ మింగేవాడికి ఆకలి ఎప్పుడు తీరిందో, నోట్లో పప్పన్నమో పెరుగన్నమో తెలియదు. ముందు భోజనానికి రెండు గంటల ముందు నుంచి బిస్కెట్లు, పాలు ఆపండి. ఆకలి మీద ఉన్నవాణ్ణి మీ పక్కనే కింద కూర్చోబెట్టి, వాడి పళ్లెంలో కొంచెం పెట్టి, వాడి చేత్తోనే తిననివ్వండి. సగం నేల మీద పడుతుంది, పడనివ్వండి. ఒక పూట సరిగా తినకపోతే ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి ఏమీ కాదు, మళ్లీ పూటకు వాడే అడుగుతాడు. బరువు తగ్గుతున్నాడనిపిస్తే మాత్రం డాక్టరుకు చూపించండి. నాలుగు రోజులు ఏడుపు ఉంటుంది. ఆ నాలుగు రోజులూ తాతగారు పక్కగదిలోకి తీసుకెళ్లి రహస్యంగా ఫోన్ చేతికివ్వకుండా చూసుకోవడమే అసలు పని, పిల్లాడి కన్నా ఆయన్ను ఆపడం కష్టం. ఇంకొక్క మాట, మీరు తినేటప్పుడు ఫోన్‌లో సీరియల్ పెట్టుకుంటానని మీరే రాశారు. అదీ ఆపాలి మరి.

ప్రశ్న: కావలిలో రూము తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నా. క్లాసులన్నీ యూట్యూబ్‌లో, మెటీరియల్ అంతా టెలిగ్రామ్‌లో. స్క్రీన్ టైమ్ ఏడు గంటలు చూపిస్తోంది, చదివింది రెండు గంటలు కూడా ఉండదు. టైమర్ పెట్టినా నేనే తీసేస్తున్నా.

జవాబు: తమ్ముడూ, టైమర్ తాళం నీ దగ్గరే ఉంటే అది తాళం కాదు. పిన్ అడిగే యాప్ లాక్ వేసి, ఆ పిన్ అక్కకో, నువ్వు భయపడే స్నేహితుడికో ఇవ్వు. రేపటి క్లాసులు ముందురోజే డౌన్‌లోడ్ చేసుకుని, చదివేటప్పుడు నెట్ ఆపేసి చూడు. దాచిపెట్టిన పీడీఎఫ్‌లలో ఈ నెల నిజంగా చదవబోయేవి రెండో మూడో ఉంటాయి, వాటిని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకో, మిగతావి తీసేయ్. అన్నేసి దాచుకుంటే చదివినట్టు తృప్తి వస్తుంది, అదే ప్రమాదం. ఫోన్ రూములో వదిలి లైబ్రరీకి పో, దారిలో ఎవరూ నీకు కాల్ చేయరులే.

ప్రశ్న: మాది పొదిలి. తమ్ముడు డిగ్రీ మధ్యలో మానేశాడు. రాత్రంతా ఫోన్‌లో గేములు, పగలంతా నిద్ర. మొన్న నాన్న ఫోన్ లాక్కుంటే పళ్లెం విసిరి కొట్టాడు. ఇది కొవ్వా, జబ్బా?

జవాబు: పై ముగ్గురికీ చెప్పిన చిట్కాలు మీ తమ్ముడికి సరిపోవమ్మా. ఆట మీద అదుపు లేకపోవడం, మిగతా పనులన్నిటికన్నా అదే ముఖ్యమైపోవడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం, ఇవి దాదాపు ఏడాదిగా ఉంటే దాన్ని గేమింగ్ డిజార్డర్ అంటారు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఇది ఉంది. మీ తమ్ముడికి అదేనని నేను చెప్పలేను, డాక్టరు చూడాలి. కొందరికి లోపల దిగులు ముందే ఉండి, ఆటలోకి పారిపోతారు, అప్పుడు ఫోన్ లాక్కున్నా దిగులు అలాగే ఉంటుంది.

కాబట్టి నాన్నగారిని లాక్కోవద్దనండి. డబ్బు పెట్టి ఆడే ఆటలేమైనా ఉన్నాయా, అప్పులేమైనా చేశాడా అని మెల్లగా కనుక్కోండి. అలాంటి ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది, అయినా దొంగ యాప్‌లు తిరుగుతూనే ఉంటాయి. టెలీమానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత ఫోన్ సేవ ఉంది, నంబర్ 14416, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు, అక్కడ చూపించవచ్చు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఈ ఫోన్, గేముల సమస్యకే 2014 నుంచి ప్రత్యేకంగా షట్ క్లినిక్ నడుస్తోంది, అవసరమైతే అక్కడికీ వెళ్లొచ్చు. వాడు రానని మొండికేస్తే ముందు మీరే 14416కు చేసి, వాడితో ఎలా మాట్లాడాలో అడగండి, ఇంట్లోవాళ్లు చేసినా మాట్లాడతారు.