పేదింటి పిల్లలకు సంగీతం నేర్పాలంటే ముందు వాయిద్యాలు కొనకండి, వాళ్ల ఇళ్లకు వెళ్లండి

వరంగల్‌లోని మీ బస్తీలో డబ్బు లేని ఇళ్ల యువకులకు ఉచితంగా సంగీతం నేర్పే కేంద్రం పెట్టాలనుకుంటున్నామని, ఏ వాయిద్యాలు కొనాలో, ఎంత ఖర్చవుతుందో చెప్పమని అడిగారు. ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ పరిసరాల్లో ఏడేళ్లుగా అటువంటి తరగతి నడుపుతున్నాను కాబట్టి ఖచ్చితంగా చెప్పగలను: ఇటువంటి కేంద్రం నిలిచేదీ మూతపడేదీ వాయిద్యాల వల్ల కాదు, పిల్లల ఇళ్లలో మీకు దొరికే అనుమతి వల్ల.

మేము 4 డప్పులు, ఒక పాత హార్మోనియం, ఒక డోలక్‌తో మొదలుపెట్టాము. డప్పును ఎంచుకోవడానికి నా లెక్క నాకుంది. అది చవక, కరెంటు అక్కర లేదు, పదిహేనేళ్ల పిల్లవాడికి వారం తిరగకముందే ఒక దరువు చేతికి వస్తుంది, పైగా అది మన నేల వాయిద్యం. ఆ డప్పు ఏ ఇళ్ల మెడలో తరతరాలుగా వేలాడిందో, ఎవరి బలవంతం మీద వేలాడిందో మాత్రం నేను ఆలోచించలేదు.

2024 వానాకాలంలో ఒక అబ్బాయి ఉన్నట్టుండి రావడం మానేశాడు. పదో తరగతి తప్పి, తండ్రితో పాటు మార్కెట్‌లో హమాలీ పనికి వెళ్తుండేవాడు. కొత్తగా నేర్చుకునే వాళ్లలో చాలామందికి డప్పు వాయించే రెండు పుల్లల్లో కుడి చేతిలోని సిర్ర బాగానే పలుకుతుంది కానీ ఎడమ చేతిలోని సిటికెన పుల్ల వెనకబడుతుంది. ఇతనికి మొదటి రోజు నుంచే రెండూ కలిసి పలికాయి. పది రోజులు చూసి వాళ్ల ఇంటికి వెళ్లాను. తండ్రి నన్ను మర్యాదగా కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, అప్పుడు అన్నాడు: "సార్, మా తాత సావుల కాడ కొట్టిండు, మా అయ్య కొట్టిండు, నేను గుడ సిన్నప్పుడు కొట్టిన. నా కొడుకు చేతిల గా పుల్ల ఉండద్దనే నేను మూటలు మోస్తున్న. మీరొచ్చి మళ్ల గదే పుల్ల పెట్టవడ్తిరి."

నేను కిన్నెర మొగిలయ్యకు 2022లో, మన జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చిన సంగతి చెప్పాను. ఆయన విని, "పద్మశ్రీ ఒక్కలకే అస్తది సారూ, డప్పు వాడకట్టందరి మెడల ఉంటది" అన్నాడు. చాయ్ తాగి తిరిగి వచ్చేశాను.

వారం తర్వాత ఒక సాయంత్రం ఆయనే కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ముసురుకు తోళ్లన్నీ మెత్తబడి దబదబమంటుంటే, వాకిట్లో గడ్డి మంట వేసి నేనే ఒక డప్పును కాపుతున్నాను. మంటకు మరీ దగ్గరగా పట్టానేమో, ఆయన మాటైనా అనకుండా దాన్ని నా చేతిలోంచి తీసుకుని, అంచు వెంబడి మెల్లగా తిప్పుతూ కాచి, మధ్యమధ్య వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తోలు ఖంగుమనగానే దాన్ని కొడుక్కి ఇచ్చాడు. తర్వాత నాతో, "సావుకు పంపద్దు. లీడర్లు అచ్చినప్పుడు ముంగట నడిపియ్యద్దు. పిలిచి, కుర్చేసి కూసోవెట్టిన కాడికైతే పోనీయుండ్రి" అన్నాడు. ఆ మూడు మాటలే ఇప్పటికీ మా కేంద్రం నియమావళి.

ఈ నియమం వల్ల నష్టపోయాము కూడా. అదే ఏడాది ఒక నాయకుని స్వాగత ఊరేగింపుకు 12 మంది పిల్లలను పంపమని అడిగితే కాదన్నాము. ఆ తర్వాత మాకు రెండు కీబోర్డులు ఇస్తానన్న దాత ఫోన్ ఎత్తడం మానేశాడు. పిల్లలను ఎండలో రెండు గంటలు నిలబెట్టి, చివర్లో ఒక అరటిపండు చేతిలో పెట్టి ఫొటో దిగడాన్ని ప్రోత్సాహం అనుకునేవాళ్లు మీ దగ్గరికీ వస్తారు. వాళ్లకు తొలి రోజే కాదని చెప్పండి.

ఇటువంటి పని తలపెట్టిన వాళ్లందరూ వెనిజులాలో జోసె ఆంటోనియో అబ్రేయు 1975లో మొదలుపెట్టిన, పేద పిల్లలకు ఉచితంగా సంగీతం నేర్పే ఎల్ సిస్టెమా కార్యక్రమాన్ని ఉదాహరణగా చూపిస్తారు. గొప్ప పనే, కాదనను. అయితే అక్కడ ప్రభుత్వం డబ్బు పెట్టింది, పైగా పిల్లవాడి చేతికిచ్చిన వయొలిన్‌కు కులం లేదు. ఇక్కడ ఉంది. దాన్ని చూడనట్టు నటిస్తూ "మన కళ, మన గర్వం" అని గోడ మీద రాసుకుంటే ఆ గర్వం మనకే గానీ, ఆ ఇంటికి కాదు.

ఖర్చు విషయానికి వస్తే, వచ్చిన డబ్బులో పెద్ద భాగం నేర్పే కళాకారుడికి ప్రతి నెలా తప్పకుండా జీతంగా ఇవ్వండి, ఎందుకంటే కళాకారుణ్ని శాలువాతో సరిపెట్టిన చోట పిల్లలు నేర్చుకునేది కూడా అదే. మిర్చి సీజన్‌లో తరగతిని రాత్రి ఎనిమిదికి మార్చండి, పాట మానిపించి దరువు మాత్రమే నేర్పండి. రోజంతా మిర్చి బస్తాల మధ్య తిరిగిన పిల్లవాడి గొంతు దగ్గుకే సరిపోతుంది.

ఇక వాయిద్యాలు: రెండు తోలు డప్పులు, వానాకాలానికి రెండు ఫైబర్ డప్పులు, ఒక సెకండ్ హ్యాండ్ హార్మోనియం మొదటి ఏడాదికి చాలు. తోలు డప్పు కొనేటప్పుడు మాత్రం తోలు చూడడం తెలిసిన మనిషిని వెంట తీసుకువెళ్లండి. మేము ఇప్పుడు ఆ హమాలీ అన్ననే తీసుకువెళ్తున్నాము. ఆయన కాదన్న డప్పును ఇంతవరకు కొనలేదు.